పిల్ల డ్వార్ఫ్ సిక్లిడ్లకు రెండడుగుల ట్యాంకు: మన శ్రీకాకుళం నీళ్లలో ఎలా సిద్ధం చేయాలి?

బలగ_బుల్లోడు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. వచ్చే నెల కలకత్తా నుంచి తెలిసినాయన ఒకరు డ్వార్ఫ్ సిక్లిడ్ (ట్యాంకుల్లో పెంచుకునే చిన్నసైజు చేపలు) పిల్లలు తెస్తానన్నారు. రాత్రంతా రైల్లో వచ్చి పొద్దున్నే ఆమదాలవలసలో దిగుతారు. బ్లూ రామ్ కావాలా, కాకటూ అపిస్టో కావాలా తేల్చి చెప్పమంటున్నారు. ఏవైనా ఆరు పిల్లలు, ఒక్కోటి రెండు సెంటీమీటర్లు ఉంటాయట.

నా దగ్గర ఉన్నవి: 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ట్యాంకు (ఖాళీగా ఉంది), చిన్న టాప్ ఫిల్టర్, ఒక ఎయిర్ పంప్, లైటు. షాపతను నీలం, ఎరుపు రంగురాళ్లు రెండు ప్యాకెట్లు కూడా అంటగట్టాడు. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ పెన్ను కొన్నాను. మున్సిపల్ కుళాయి నీళ్లు 280 చూపిస్తున్నాయి, మా బోరు 720. పీహెచ్ రెండింటికీ ఏడున్నర పైనే.

పెద్ద ఖర్చు పెట్టలేను. హీటర్ కొనాలా? ఇసుకా, రాళ్లా? పెద్దలు చెప్పండి.

కోట_మాస్టారు (విజయనగరం)

బాబూ, ముందు బోరు నీళ్లు మర్చిపో. 720తో గప్పీలు బతుకుతాయి, నువ్వు తెచ్చే పిల్లలు నీరసిస్తాయి. కుళాయి నీళ్లతోనే మొదలుపెడదాం.

ఇక ఏ చేప అన్నది. రామ్ ఒరినోకో మైదానాల చేప, అంటే వెనిజులా, కొలంబియా. అక్కడి నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, పైగా వెచ్చగా ఉంటాయి. దానికి 27 నుంచి 30 డిగ్రీలు కావాలి. కాకటూ పెరూ వైపు అమెజాన్ ఉపనదుల్లోది. 24 నుంచి 27 డిగ్రీలు చాలు. తరాలుగా ట్యాంకుల్లో పుట్టి పెరిగినవి కాబట్టి కాస్త లవణాలున్నా, పీహెచ్ ఏడు దాటినా సర్దుకుంటాయి. నీ నీళ్లు చూస్తే నా ఓటు కాకటూకే.

రామ్ విషయంలో ఇంకో భయం ఉంది. అంత చిన్న పిల్లలకు నిండా రంగు ఉంటే అనుమానించాలి. రంగు తొందరగా రావడానికి హార్మోన్లు పెట్టిన సరుకు మార్కెట్‌లో తిరుగుతోంది. ఇంటికొచ్చాక ఆ రంగు వెలిసిపోతుంది, కొన్ని గుడ్లు కూడా పెట్టవు. రెండు సెంటీమీటర్ల పిల్ల వెలవెలబోతూ, బూడిదరంగులో ఉండటమే సహజం.

ట్యాంకు కొలత సరిపోతుంది. రెండు ఘనపుటడుగులంటే దాదాపు 56 లీటర్లు. ఇసుక వేసి, పైన రెండంగుళాలు వదిలితే అసలు నీళ్లు 45 లీటర్ల దాకా వస్తాయి. ఆరు పిల్లలు పెరగడానికి చాలు. ఆరూ పెద్దవయ్యాక మాత్రం చాలదు, దాని గురించి తర్వాత మాట్లాడదాం.

రంగురాళ్లు వెనక్కిచ్చెయ్. అపిస్టోలు ఇసుకను నోట్లోకి తీసుకుని జల్లించి, మొప్పల్లోంచి వదిలేస్తాయి. తిండి వెతుక్కోవడమంతా అలాగే. రాళ్లుంటే ఆ పని చేయలేవు. మేత సందుల్లోకి జారి కుళ్లుతుంది.

సోంపేట_కొబ్బరి (సోంపేట)

ఇసుకంటే గుర్తొచ్చింది. కళింగపట్నం బీచ్ ఇసుక బస్తాలో నింపుకొచ్చి వేసేవాళ్లని చూశాను. వద్దు తమ్ముడూ. అందులో ఉప్పుతోపాటు గవ్వల ముక్కలు ఉంటాయి. అవి కరిగినకొద్దీ నీళ్ల కాఠిన్యం, పీహెచ్ పెరుగుతూ పోతాయి. ఉప్పు కడిగితే పోతుంది గాని గవ్వ పోదు. ఇల్లు కడుతున్న వాళ్ల దగ్గర ఒక బకెట్టు ఏటి ఇసుక అడుగు, నాగావళిదైనా వంశధారదైనా. దోమతెర గుడ్డలో జల్లించి, నీళ్లు తేటపడేదాకా కడుగు. గుప్పెడు ఇసుక మీద నిమ్మరసమో వెనిగరో పోసి చూడు. బుసబుసా నురగొస్తే ఆ ఇసుక వద్దు. రెండు, మూడు సెంటీమీటర్ల మందం చాలు.

గుహలకు మా ఊరి కొబ్బరిచిప్ప ఉండగా వేరే ఏటికి? చిప్ప లోపలి కొబ్బరంతా గీకెయ్యాలి. పీచు కూడా తీసేస్తే మంచిది. రెండుమూడు సార్లు నీళ్లు మార్చి ఉడకబెట్టు. అంచున చిటికెనవేలు దూరేంత సందు కోసి బోర్లించు. సందు చిన్నగా ఉంటేనే ఆడచేపకు ధైర్యం, మగది లోపలికి దూరలేదు. ఆరు పిల్లలకు కనీసం ఆరు దాగుడు చోట్లు ఉండాలి, అవి ఒకదానికొకటి కనపడకూడదు. రంగు వెయ్యని మట్టి ముంతలు అడ్డంగా పడుకోబెట్టినా పనిచేస్తాయి.

బలగ_బుల్లోడు

థాంక్స్ మాస్టారూ, థాంక్స్ అన్నా. కాకటూనే అనుకుంటాను. మా వీధి చివర బాదం చెట్టుంది. ఆ ఆకులు వేస్తే నీళ్లు సాఫ్ట్ అవుతాయని వీడియోల్లో చెబుతున్నారు. టీడీఎస్ 280 నుంచి ఎంతకి తగ్గుతుంది?

హేచరీ_టెక్నీషియన్ (పూసపాటిరేగ)

తగ్గదు. కావాలంటే పెన్ను పెట్టి చూసుకోండి, ఒక పిసరు పెరుగుతుంది కూడా.

నేను రొయ్యల హేచరీలో పనిచేస్తాను, రోజంతా నీటి పరీక్షలే. నీళ్లలో కార్బొనేట్ కాఠిన్యం అని ఒకటుంది. మేం ఆల్కలినిటీ అంటాం, చేపలు పెంచేవాళ్లు కేహెచ్ అంటారు. ఆకులోంచి వచ్చే ఆమ్లాన్ని అది తినేస్తుంది. కుళాయి నీళ్లలో అది ఎక్కువుంటే ఎన్ని ఆకులు వేసినా పీహెచ్ కదలదు. నీళ్లు టీ డికాషన్‌లా కనబడతాయి గాని లోపల కాఠిన్యం అలాగే ఉంటుంది. లవణాలు తగ్గాలంటే లవణం లేని నీళ్లు కలపాల్సిందే, ఆర్వో నీళ్లో వాన నీళ్లో. లెక్క తేలికే. 280 ఉన్న కుళాయి నీళ్లు, 40 ఉన్న ఆర్వో నీళ్లు చెరిసగం కలిపితే 160. కాకటూ పిల్లలకు అది చాలా ఎక్కువ సుఖం.

అలాగని ఆకులు మానెయ్యకండి. చెట్టునుంచి దానంతటది ఎర్రబడి రాలినవి ఏరండి. దుమ్ము కడిగి ఎండబెట్టి, మూడు నాలుగు వేయండి. వాటి కింద పిల్లలు దాక్కుంటాయి. ఆకు మెత్తబడేకొద్దీ దానిమీద సన్నటి జిగురు పొర పడుతుంది, అందులోని సూక్ష్మజీవుల్ని పిల్లలు రోజంతా పొడుచుకు తింటాయి. రోడ్డుపక్క చెట్టయితే డ్రైనేజీ మీద పడ్డవి మాత్రం వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది మీరు అడగలేదు. ఫిల్టర్ పండాలి. చేప విసర్జన, మిగిలిన మేత అమ్మోనియా అవుతాయి. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు. మూడోది వారంవారం నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ రోజే నీళ్లు పోసి మొదలుపెట్టండి. క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా నీళ్లు ఒక రోజు ఎయిర్ పెట్టి ఉంచండి. రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్‌లో రెండూ సున్నా చూపించాకే చేపలు.

ఎవరి ట్యాంకైనా ఏడాదిగా బాగా నడుస్తుంటే వాళ్ల పాత స్పాంజ్ అడిగి తెచ్చుకోండి, తడిగా ఉండగానే. సగం రోజులు కలిసొస్తాయి.

బొబ్బిలి_చెరువుగట్టు (బొబ్బిలి)

మీరంతా కుర్రాణ్ని భయపెడుతున్నారు. నా ట్యాంకుల్లో ఆర్వో చుక్క లేదు. బొలీవియన్ రామ్ ఉన్నాయి, క్రిబ్ ఉన్నాయి, కుళాయి నీళ్లలోనే పిల్లలు పెడుతున్నాయి. ఒక లీటరు ఆర్వో నీళ్ల కోసం రెండు మూడు లీటర్లు కాలవలోకి వదలడం నాకైతే నచ్చదు. మన నీళ్లకు తగ్గ చేప తెచ్చుకోవాలి గాని, చేప కోసం నీళ్లను మార్చుకుంటూ కూర్చుంటామా?

కోట_మాస్టారు

చెరువుగట్టు గారూ, మీ మాటలో న్యాయముంది. క్రిబ్ పశ్చిమాఫ్రికా చేప, నైజీరియా ప్రాంతంలో సముద్రానికి దగ్గరగా ఉండే వాగుల్లో కూడా దొరుకుతుంది. బొలీవియన్ రామ్ కూడా బ్లూ రామ్ కంటే చాలా గట్టి పిండం. మొదటిసారి పెంచేవాళ్లకు ఆ రెండూ మంచివే, కాదనను. కాని ఈ అబ్బాయికి వచ్చేవి ఆ రెండూ కావు కదా. పైగా పెంచడానికీ, పిల్లలు పెట్టించడానికీ తేడా ఉంది. 280లో కాకటూ హాయిగా పెరుగుతుంది. గుడ్లు సరిగ్గా పొదగాలంటే మాత్రం లవణాలు తగ్గించడం మేలు. ఆ పని ఆరు నెలల తర్వాతిది.

ఆర్వో వృథా నీళ్ల గురించి: మొక్కలకు పోయండి, వాకిలి కడగండి. ఇంకా మంచిది వాన నీళ్లు. మొదటి జల్లులో డాబా మీది దుమ్ము, పక్షి రెట్టలు కొట్టుకుపోనిచ్చి, అరగంట తర్వాత ఆరుబయట టార్పాలిన్ కట్టి డ్రమ్ములో పట్టుకోండి, మూత పెట్టండి. వాన నీళ్లొక్కటే మాత్రం ట్యాంకు నిండా పోయొద్దు. అందులో కేహెచ్ ఉండదు కాబట్టి పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

బొబ్బిలి_చెరువుగట్టు

వాన నీళ్లకైతే ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి. మే నెలలో మీ కాకటూ ఏం చేస్తుంది? మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 32 దాటతాయి. అప్పుడు బ్లూ రామే నయం.

కోట_మాస్టారు

అక్కడ మీరు గెలిచారు. వేసవిలో ట్యాంకు మూత తీసి, దోమతెర గుడ్డ పరిచి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి పైభాగానికి తగిలేలా పెట్టాలి. నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. తగ్గిన నీళ్ల బదులు కుళాయి నీళ్లు పోయకూడదు. లవణాలు ఆవిరి కావు, అవి అక్కడే పోగవుతాయి. ఆర్వో నీళ్లే పోయాలి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువుంటుంది కాబట్టి ఎయిర్ రాత్రీ పగలూ నడవాలి. ఎండాకాలం మేత కూడా కొంచెం తగ్గించు.

చలికాలానికి 50 వాట్ల హీటరు ఒకటి కొనిపెట్టుకో, 25 దగ్గర సెట్ చెయ్. డిసెంబరు, జనవరి రాత్రులు నీళ్లు చల్లబడి, పగలు మళ్లీ వెచ్చబడుతుంటాయి. ఆ ఎగుడుదిగుడుకే పిల్లలకు తెల్లమచ్చలు వస్తాయి.

రాజాం_టీచరమ్మ (రాజాం)

తమ్ముడూ, ట్యాంకు పెట్టే గదిలో దోమల స్ప్రే కొడతారా? ఇది ఎవరూ చెప్పలేదు. ఆ మందుల్లో ఉండే పైరెథ్రాయిడ్లు మనకన్నా చేపలకు చాలా ప్రమాదం. ఎయిర్ పంప్ గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి ఊదుతుంది. మునిసిపాలిటీ ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, పంప్ ఆపి, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి. పొగ పోయాక మళ్లీ వేయండి.

టాప్ ఫిల్టర్ గురించి కూడా. రెండు సెంటీమీటర్ల పిల్లను ఆ మోటారు లాగేస్తుంది. నీళ్లు పీల్చే మూతికి స్పాంజ్ తొడగండి. నన్నడిగితే దాన్ని పక్కన పెట్టి, ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి పెట్టండి. ఈ చేపలకు ప్రవాహం పడదు. స్పాంజ్ మీద పేరుకున్న నలుసులు పిల్లలకు చిరుతిండి కూడా. కడిగేటప్పుడు కుళాయి కింద పెట్టొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

బలగ_బుల్లోడు

అక్కా, దోమల స్ప్రే రోజూ కొడతాం! ట్యాంకు ముందుగదిలోకి మారుస్తాను. మొక్కల సంగతి? మా చెరువులో నాచు బోలెడుంది.

రాజాం_టీచరమ్మ

చెరువు నాచుతో తూనీగ పిల్లలొస్తాయి. అవి చిన్న చేపల్ని పట్టి తింటాయి, నత్తలు, జలగలు సరేసరి. జావా మాస్, జావా ఫెర్న్, అనూబియాస్ కొనండి. వాటికి ఎరువూ పెద్ద లైటూ అక్కర్లేదు, ఒక కర్రకు దారంతో కట్టేస్తే చాలు. పైన నాలుగు అంతరతామర మొక్కలు వదిలితే నీడ పడుతుంది, నీడుంటే పిల్లలు బెదరవు. అవి పెరిగిపోతే తీసి ఎండలో పారెయ్యండి, కాలవల్లో చెరువుల్లో వేయకండి.

పలాస_జీడితోట (పలాస)

కరెంటు గురించి అడగరేం? 2018 తిత్లీ తుపాను అప్పుడు మా వైపు స్తంభాలు వరసగా పడిపోయాయి, రోజుల తరబడి చీకటే. 2014 హుద్‌హుద్‌కి విజయనగరం వాళ్లూ చూశారు. అక్టోబరు వచ్చిందంటే ఒక బ్యాటరీ ఎయిర్ పంప్, రెండు సెట్ల బ్యాటరీలు ఇంట్లో ఉండాలి. కరెంటు పోగానే మేత ఆపెయ్. పిల్లలు ఒకట్రెండు రోజులు తినకపోయినా ఏమీ కావు.

ఒక రోజు ఆగిపోయిన మోటారు ఫిల్టర్‌ని ఉన్నపళంగా స్విచ్ వెయ్యొద్దు. లోపల గాలి ఆడక బాక్టీరియా చచ్చి కుళ్లుతుంది, ఆ మురికంతా ట్యాంకులోకి కొడుతుంది. విప్పి, ట్యాంకు నీళ్లలో జాడించి, అప్పుడు పెట్టు. స్పాంజ్ ఫిల్టర్‌కి ఈ బాధ తక్కువ.

బలగ_బుల్లోడు

రైలు దిగిన కవర్‌ని ట్యాంకులోకి ఎలా దించాలి? సన్న గొట్టానికి ముడివేసి, చుక్కచుక్కగా గంటసేపు ట్యాంకు నీళ్లు కలపమని అంటారు కదా?

కోట_మాస్టారు

అవును, గంటసేపు చుక్కచుక్క. కంగారు పడొద్దు.

హేచరీ_టెక్నీషియన్

మాస్టారూ, పక్క వీధి షాపునుంచి తెచ్చినప్పుడు మీరు చెప్పింది సరైనదే. రాత్రంతా కట్టి ఉన్న కవర్ సంగతి వేరు. లోపల చేప విసర్జనతో అమ్మోనియా చేరుతుంది, ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ కూడా చేరుతుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని కిందకి తొక్కి ఉంచినంతసేపూ అమ్మోనియాలో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది, పెద్దగా హాని చెయ్యదు. కవర్ విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ పైకెక్కుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. మీరు చుక్కచుక్క వేస్తున్న గంటసేపూ పిల్లలు ఆ విషంలోనే ఉంటాయి.

మేం రొయ్య పిల్లల్ని పంపేటప్పుడు కొనేవాళ్ల చెరువు ఉప్పదనం ముందే అడిగి, ఇక్కడే దానికి అలవాటు చేసి పంపుతాం. ఇదీ అంతే. కలకత్తా ఆయన్ని అక్కడి నీళ్ల టీడీఎస్ ముందే అడగండి. మీ ట్యాంకును దానికి దగ్గరగా తెచ్చి పెట్టండి. పొద్దున్న కవర్ విప్పకుండా ఇరవై నిమిషాలు ట్యాంకులో తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. విప్పి, వలతో పిల్లల్ని మాత్రమే వదిలి, కవర్ నీళ్లు పారబోయండి. ఆ రోజు లైటు వద్దు, మేత వద్దు.

కోట_మాస్టారు

దూర ప్రయాణానికి ఇదే మంచి పద్ధతి. బుల్లోడూ, హేచరీ గారు చెప్పినట్టు చెయ్.

మేత: రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి ఒక నిమిషంలో తినేసేంత. నీళ్లు వారానికి పావువంతు ఒకేసారి మార్చేకంటే, రెండుసార్లుగా కొంచెం కొంచెం మార్చు. డ్రైనేజీ ఎర్రపురుగులు ఎంత చవకైనా ముట్టుకోకు, వాటితో పొట్టజబ్బులు వస్తాయి. తెల్లటి దారంలా రెట్ట వేస్తూ, మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంటే ఆ పిల్లను వేరే తొట్టిలోకి తీసెయ్. నీలం మందు (మిథిలీన్ బ్లూ) పెద్ద ట్యాంకులో పోస్తే స్పాంజ్‌లోని బాక్టీరియా దెబ్బతింటుంది.

తోడుగా వేరే రకం చేపలు అప్పుడే వద్దు. పిల్లలకు కుదురొచ్చాక ఎనిమిదో పదో సన్నపాటి టెట్రాలు వేసుకోవచ్చు. అవి పైన ధైర్యంగా తిరుగుతుంటే కింద ఇవీ బయటికొస్తాయి.

బలగ_బుల్లోడు

ఆరింటిలో ఎన్ని ఆడవి, ఎన్ని మగవి అని ఇప్పుడే చెప్పలేమా?

కోట_మాస్టారు

రెండు సెంటీమీటర్లలో చెప్పలేం. ఇంకో సెంటీమీటరు పెరిగితే మగదానికి వీపు రెక్క ముందు ముళ్లు పొడుగ్గా లేస్తాయి, ఆడది గుండ్రంగా, పసుపుగా మారుతుంది.

మన ఎండలతో సంబంధమున్న విషయం ఒకటి చెబుతాను. అపిస్టోల్లో ఆడా మగా తేలడంలో నీటి వేడిమి పాత్ర ఉంది. పుట్టిన మొదటి నెలరోజుల్లో నీళ్లు వెచ్చగా ఉంటే మగవి ఎక్కువవుతాయి, చల్లగా ఉంటే ఆడవి ఎక్కువవుతాయి. 1996లో రోమర్, బైసెన్‌హెర్జ్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు చాలా అపిస్టో జాతుల మీద ఇది చూపించారు, కొన్ని జాతుల్లో పీహెచ్ ప్రభావం కూడా ఉందన్నారు. నీకొచ్చే సైజుకి అదంతా తేలిపోయి ఉంటుంది, నువ్వు మార్చలేవు. ఎండాకాలం పుట్టిన బ్యాచ్ అయితే ఆరూ మగవే కావచ్చు. వాళ్లు ఏ నెలలో తీసిన పిల్లలో అడుగు. కుదిరితే రెండు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి మూడేసి ఇమ్మను.

పెద్దవయ్యాక ఆ ట్యాంకులో ఒక మగ, ఒకటో రెండో ఆడవి. అంతకు మించితే తరుముకుని రెక్కలు చింపుకుంటాయి. మిగిలినవి ఇక్కడే అడుగు, తీసుకునేవాళ్లుంటారు.

సోంపేట_కొబ్బరి

మిగిలిన మగవాటిలో ఒకటి నాకు. బదులుగా చిప్పలు శుభ్రం చేసి పంపుతాను.

బలగ_బుల్లోడు

ఖాయం అన్నా. ఏటి ఇసుక దొరికింది, కడుగుతున్నాను. హేచరీ గారూ, పిల్లలకు మేతగా ఆర్టీమియా (రొయ్యలాంటి బుల్లి ఉప్పునీటి జీవి) చాలా మంచిదంటున్నారు. మీ దగ్గర దాని గుడ్ల డబ్బాలుంటాయి కదా, ఇంట్లో పొదిగించొచ్చా?

హేచరీ_టెక్నీషియన్

తేలికే. లీటరు సీసా అడుగు కోసి, తలకిందులుగా పెట్టండి. లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, పావు చెంచా గుడ్లు. అడుగునుంచి ఎయిర్ గట్టిగా రావాలి, పైన లైటు వెలగాలి. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి. ఎయిర్ ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజరంగు పిల్లలు అడుగున చేరతాయి. అడుగునుంచి సన్న గొట్టంతో లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వేయండి. పెంకులు ట్యాంకులోకి పోనివ్వకండి, పిల్లల పేగుల్లో ఇరుక్కుంటాయి. పొదిగిన వెంటనే పెడితేనే వాటిలో బలం ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది.

గుడ్ల డబ్బా ఖరీదెక్కువ, మీ ఆరు చేపలకు కొనక్కర్లేదు. నా సొంతానికి కొన్న డబ్బాలోంచి నాలుగు చెంచాలు ఇస్తాను. ఆదివారం పొద్దున్న విజయనగరం కాంప్లెక్స్ దగ్గర ఉంటాను, వస్తే ఫోరం మెసేజ్‌లో చెప్పండి. బాగా ఎండిన చిన్న గాజుసీసా తెచ్చుకోండి, మూత బిగుతుగా ఉండాలి. తేమ తగిలితే గుడ్లు పొదగవు.

బలగ_బుల్లోడు

వస్తాను గురువు గారూ. హార్లిక్స్ సీసా సరిపోతుందా?

హేచరీ_టెక్నీషియన్

అంతది ఎందుకండీ, పచ్చడి సీసా చాలు. కారం వాసన పోయేదాకా కడిగి తెండి.